లాండ్రీ రూములో బంగారి

లూసీ హాస్పిటల్ ఉద్యోగం మానేసిన తర్వాత కూడా చీకటితోనే లేచేది. ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా పనిచేసినన్నాళ్ళూ అదే వేళకి లేచి, టీ తాగీ తాగకుండా కారెక్కడం అలవాటు. ఉద్యోగం అయిపోయింది గాని మెలకువ మాత్రం పోలేదు. భర్త దైవాశీర్వాదం రిటైరైన మర్నాటినుంచే ఎండ కిటికీలోకి వచ్చేదాకా నిద్రపోవడం నేర్చుకున్నాడు. అతను లేచేలోగా తుడిచిన వంటగట్టునే మళ్ళీ తుడిచి విసిగిపోయిన లూసీ, ఒక మార్చి నెలలో పశువుల మేత అమ్మే ఫీడ్ స్టోర్‌కి వెళ్ళి మూడు కోడిపిల్లల్ని అట్టపెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది.

"ఫ్రీమాంట్‌లో కోళ్ళా?" అన్నాడు దైవాశీర్వాదం పెట్టెలోకి తొంగి చూసి. "సిటీ వాళ్ళు ఊరుకుంటారా?"

"కనుక్కున్నాను. పుంజు ఉండకూడదంట. పెట్టలైతే పెంచుకోవచ్చు."

ఇప్పుడుండేది కాలిఫోర్నియాలో గాని అతనిది నరసాపురం దగ్గర పల్లె. చిన్నప్పుడు వాళ్ళ దొడ్లో ఎప్పుడూ కోళ్ళు తిరుగుతూ ఉండేవి. ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికొచ్చేసరికి వాటిలో ఒకటి కూరయ్యేది. ఆ సంగతి చెబుతూ చెబుతూ కోడిపిల్లల వంక చూశాడు.

"వీటిమీద మాత్రం ఆశ పెట్టుకోకండి. చికెన్ కావాలంటే స్టోర్‌లో తెచ్చుకోండి," అంది లూసీ.

అతను నవ్వేసి, గరాజ్‌లో మూలన పడున్న చెక్కలు బయటికి తీశాడు. కౌంటీలో రోడ్లూ వంతెనలూ కట్టించిన ఇంజనీరు. ఆ చేతులతోనే కట్టిన కోళ్ళగూడు కాబట్టి, దానిమీద లారీ ఎక్కినా ఏమీ కాదని లూసీ అందరికీ చెప్పేది. పిల్లలు ఎదిగి పెట్టలయ్యాయి. ఎర్రగా ఉన్నదానికి ఎర్రమ్మ అని, నల్లటి ఒంటిమీద తెల్ల చుక్కలున్నదానికి చుక్కమ్మ అని, పండిన వరికంకి రంగులో ఉన్నదానికి బంగారి అని పేర్లు పెట్టింది లూసీ. ఎర్రమ్మ పెత్తనం చేసేది. చుక్కమ్మ దాని వెనకే తిరిగేది. బంగారి ఎవరి జోలికీ పోకుండా నిమ్మచెట్టు కింద మట్టిలో పొర్లుతూ ఉండేది.

పక్కింట్లో డాక్టర్ పద్మిని ఉండేది. పసిపిల్లలకి ఆపరేషన్లు చేసిన సర్జన్. గుంటూరులో చదువుకుని ఎప్పుడో అమెరికా వచ్చింది. భర్త రామమోహన్ పోయిన తర్వాత ఆవిడ కూడా పని మానేసింది. అంతకుముందు ఎవరి డ్యూటీలు వాళ్ళవి కావడంతో రెండిళ్ళ మధ్య రాకపోకలు పెద్దగా ఉండేవి కావు. తర్వాత అవీ తగ్గిపోయాయి. కంచెకి అటూ ఇటూ నిలబడి "బాగున్నారా" అంటే "బాగున్నాం" అనుకోవడం, అంతే. ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. ఆ సంగతి మర్చిపోయి లూసీ ఒకసారి గిన్నెడు గుడ్లు పట్టుకెళ్ళి, గుమ్మం దాకా వెళ్ళాక గుర్తొచ్చి, వెనక్కి తిరిగి నిమ్మకాయలు కోసుకెళ్ళి ఇచ్చి వచ్చింది.

పద్మిని కూతురు విద్య సియాటిల్‌లో ఉంటుంది. చిన్న అపార్ట్‌మెంట్‌కి మారుతూ తన కుక్క కోకోని తల్లి దగ్గర వదిలి వెళ్ళింది. కాఫీగింజ రంగులో ఉండే పెద్ద లాబ్రడార్. "తోడుంటుందమ్మా అని వదిలిపెట్టింది. తోడు సంగతేమో గాని సోఫా నిండా బొచ్చు," అని పద్మిని ఒకసారి కంచె మీదుగా చెప్పింది. లూసీకి ఆవిడ అంత పొడుగు మాట మాట్లాడడమే ఆశ్చర్యమనిపించింది.

2012 ఆగస్టులో ఒక ఆదివారం. తెలుగు చర్చిలో ఆరాధన, ఆ తర్వాత భోజనాలు, ఆ తర్వాత దైవాశీర్వాదం నడిపించే పాటల క్వయర్ ప్రాక్టీసు అన్నీ అయ్యి, ఇద్దరూ మధ్యాహ్నం దాటాక ఇంటికొచ్చారు. కారు దిగుతూనే లూసీకి తీసి ఉన్న సైడ్ గేట్ కనిపించింది. గేటు దగ్గర్నుంచి గడ్డి మీదంతా లేత పసుపు ఈకలు.

పెరట్లో నిమ్మచెట్టు కింద నేలమీద పద్మిని కూర్చుని ఉంది. చెప్పులు లేవు. ఒళ్ళో ఒక తెల్ల టవల్, అందులో బంగారి. టవల్ మీదా, ఆవిడ వేసుకున్న లేత నీలం కమీజు మీదా నెత్తురు. మిగతా రెండు కోళ్ళూ గూట్లో ఒక మూలకి నక్కి ఉన్నాయి.

"నా కుక్కే చేసింది," అంది పద్మిని, లూసీ ఏమీ అడక్కముందే. "కంచె కింద తవ్వి ఇటు వచ్చేసింది. అరుపులు విని నేను పరిగెత్తుకొచ్చేసరికి నోట్లో పట్టుకుని ఉంది. గట్టిగా కేకేస్తే వదిలేసింది. దాన్ని లోపల పెట్టి తలుపేశాను. మీకు కాల్ చేద్దామంటే మీ నంబర్ నా దగ్గర లేదు."

లూసీకి కోపం వచ్చింది. ఆ కోపం గొంతుదాకా వచ్చి ఆగింది. ఎందుకంటే పద్మిని చేతులు ఆమె కళ్ళబడ్డాయి. ఒక చెయ్యి కోడి రొమ్ము కింద, ఇంకో చెయ్యి గాయంమీద గుడ్డ నొక్కిపెట్టి. ఎంతసేపటినుంచి అలా పట్టుకుని ఉందో, వేళ్ళు తెల్లబడిపోయాయి.

లూసీ చర్చికి కట్టుకెళ్ళిన పట్టుచీరతోనే పక్కన కూర్చుని టవల్ కొంచెం పక్కకి తీసి చూసింది. వీపుమీద రెక్క మొదట్లో చర్మం చీరుకుపోయింది. పక్కన కోరలు దిగిన గుంటలు. బంగారి ముక్కు తెరిచి ఎగశ్వాస పీలుస్తోంది.

"లూసీ," అన్నాడు దైవాశీర్వాదం మెల్లగా. "పాపం, బాధ పడుతోందేమో. మా నాన్నయితే ఈపాటికి..."

మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యకపోయినా అందరికీ అర్థమైంది. లూసీ కూడా అదే ఆలోచిస్తోంది. బతకదని తెలిసీ బతికించబోవడం కూడా ఒక క్రూరత్వమేనని హాస్పిటల్లో ఆమెకి చాలాసార్లు అనిపించింది.

"చనిపోయేవాళ్ళ కళ్ళు నేను చూశానండీ," అంది పద్మిని. "ఇలా ఉండవు. ఇది ఇంకా నన్ను తిట్టుకుంటోంది."

నిజమే. బంగారి కంటిపాప పద్మిని మొహాన్ని వదలడం లేదు.

దైవాశీర్వాదం ఫోన్ పట్టుకుని ఒక్కొక్క వెటర్నరీ క్లినిక్‌కీ కాల్ చేశాడు. ఆదివారం కావడంతో సగం మూసి ఉన్నాయి. తీసి ఉన్నవాళ్ళు కుక్కల్నీ పిల్లుల్నీ చూస్తామన్నారు గాని కోడి అనేసరికి సారీ అన్నారు. చివరికి ఒకచోట, పక్షుల్ని చూసే డాక్టరమ్మ రేపు పొద్దున్న వస్తారనీ, అప్పటిదాకా వెచ్చగా, చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచమనీ చెప్పారు.

"రేపటిదాకా ఈ గాయం ఇలా ఉండకూడదు," అంది పద్మిని. "కడగాలి. లూసీ గారూ, మీ ఇంట్లో ఎక్కడ చేద్దాం?"

లాండ్రీ రూములో చేశారు. వాషింగ్ మెషీన్ మీద దుప్పటి మడతపెట్టి పరిచారు. లూసీ నీళ్ళు మరిగించి, కొంచెం ఉప్పు కలిపి, గోరువెచ్చగా అయ్యేదాకా చల్లార్చింది. పద్మిని ఇంటికెళ్ళి బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కుని, స్టెతస్కోపూ ఒక పెద్ద సిరంజీ పట్టుకొచ్చింది. చిన్నపిల్లల కోసం వాడిన బుల్లి స్టెతస్కోపు. దాన్ని ఈకల మధ్యకి దూర్చి రెండు పక్కలా విని, "ఊపిరి సరిగ్గానే ఆడుతోంది. పన్ను ఊపిరితిత్తుల దాకా దిగలేదు," అంది.

దైవాశీర్వాదం కోడి తలమీద పల్చటి గుడ్డ కప్పి రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళకి చీకటయ్యేసరికి బంగారి గింజుకోవడం మానేసింది.

"ఈకలు పీకాలా?" అన్నాడు.

"వద్దొద్దు. చర్మం కూడా ఊడొస్తుంది. కత్తిరిద్దాం."

పద్మిని కళ్ళు గాయంమీదనే ఉంచి కుడిచెయ్యి పక్కకి చాపింది. లూసీ ఆ చేతిలో కత్తెర పెట్టింది. మళ్ళీ చెయ్యి చాపితే సిరంజి పెట్టింది. మళ్ళీ చాపితే గాజుగుడ్డ. ఒక్క మాట లేదు. ఇద్దరూ ఒకే హాస్పిటల్లో ఎప్పుడూ పనిచెయ్యలేదు గాని, ఆ పని ఏ హాస్పిటల్లోనైనా ఒకటే. ఉప్పునీళ్ళు గాయంలోంచి మొదట ఎర్రగా, తర్వాత గులాబీరంగులో, చివరికి తేటగా కారాయి. మట్టి, గడ్డిపరకలు, కుక్క వెంట్రుక ఒకటి బయటికొచ్చాయి.

"థాంక్యూ, నర్స్," అంది పద్మిని పాత అలవాటుకొద్దీ. అని, నాలిక కరుచుకుని తల ఎత్తింది.

లూసీకి నవ్వొచ్చింది. "కుట్లు వేస్తారా, డాక్టర్?"

"వెయ్యను. కుక్క పన్ను దిగినచోట పైన కుట్టేస్తే చీము లోపలే ఉండిపోతుంది. తెరిచే ఉంచుదాం. రోజూ కడుగుతూ ఉంటే అడుగునుంచి పూడుకొస్తుంది. చూడ్డానికి బాగోదు గాని అదే మంచిది."

దైవాశీర్వాదం ఒక చేత్తో కోడిని పట్టుకుని రెండో చేత్తో అలమర వైపు చూపించాడు. "కొంచెం పసుపు వేద్దామా? మా అమ్మ దేనికైనా పసుపే పెట్టేది."

"కూరలో వెయ్యండి," అంది పద్మిని.

బట్టలబుట్టలో పాత తువ్వాళ్ళు పరిచి, ఒక పక్క అడుగున దైవాశీర్వాదం నడుంనొప్పికి వాడే హీటింగ్ పాడ్ సన్నటి వేడిమీద పెట్టారు. వేడెక్కువైతే పక్కకి జరగడానికి చోటుంచారు. ఈగలు వాలకుండా పైన దోమల జాలీ కప్పారు. బంగారి ఆ మూలలో ఒదిగి కళ్ళు మూసుకుంది.

వెళ్తూ వెళ్తూ పద్మిని గుమ్మం దగ్గర ఆగింది. "రేపు జంతువుల షెల్టర్‌కి కాల్ చేసి కోకోని ఇచ్చేస్తాను. విద్యకి నేను చెప్పుకుంటాను."

లూసీ సరేననలేదు, వద్దనలేదు. అప్పుడామె లోపల ఇంకా కోపం ఉంది. "రేపు వెట్ దగ్గరికి మీరూ వస్తారా?" అని మాత్రం అడిగింది.

మర్నాడు ముగ్గురూ వెళ్ళారు. డాక్టరమ్మ చిన్న వయసుది. గాయం చూసి, ఎవరు కడిగారని అడిగింది. బాగా కడిగారనీ, కుట్టకపోవడం మంచిపని అనీ చెప్పి, యాంటీబయాటిక్, నొప్పి మందు ఇచ్చింది. ఆ మందులు వాడినన్నాళ్ళూ, ఆ తర్వాత కొన్నాళ్ళూ దీని గుడ్లు తినొద్దంది. అసలు కష్టం గాయం కాదు, తిండి అని కూడా చెప్పింది. భయపడిన పక్షి తిండి మానేస్తుంది. తింటే బతుకుతుంది.

బంగారి తినలేదు. మేత పెడితే వంక చూసి మొహం తిప్పుకుంది. లూసీ పంచదారా చిటికెడు ఉప్పూ కలిపిన నీళ్ళు వేలితో ముక్కు అంచున రాస్తే రెండు చుక్కలు మింగేది. మొక్కజొన్న గింజలు, పుచ్చకాయ ముక్క, ఉడికించిన ఓట్స్, అన్నీ పెట్టి చూసింది. దైవాశీర్వాదం ఇంటర్నెట్‌లో కోళ్ళు పెంచేవాళ్ళ ఫోరమ్ ఒకటి పట్టుకుని, గుడ్డు పొరటు పెట్టమంటున్నారని చెప్పాడు. లూసీ నూనె లేకుండా పొరటు చేసి పట్టుకొస్తుంటే, గాయం కడగడానికొచ్చిన పద్మిని చూసింది.

"దాని గుడ్డు దానికే పెడతారా?"

"దానిది కాదండీ. ఎర్రమ్మది."

"అది ఇంకా ఘోరం."

ఆ పొరటు కూడా బంగారి ముట్టలేదు.

పద్మిని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేది. గాయం కడిగి, వెలుతురులోకి తిప్పి, వాసన చూసేది. తర్వాత బుట్టలోని రెట్టని పుల్లతో కదిపి పరీక్షించేది. "ఆకుపచ్చగా ఉంది. కడుపు ఖాళీగా ఉంటే ఇలాగే ఉంటుంది," అని మొహం చిన్నబుచ్చుకునేది. ఆమె అంత శ్రద్ధగా చూస్తుంటే దైవాశీర్వాదం నవ్వాపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయేవాడు.

ఒక రోజు మధ్యాహ్నమే వచ్చింది. పొద్దుటినుంచీ దాని గురించే ఆలోచిస్తూ కూర్చున్నానని చెప్పింది. భోంచేశారా అని లూసీ అడిగితే చేశాననలేదు. లూసీ పళ్ళెంలో పెరుగన్నం కలిపి, దానిమ్మగింజలు చల్లి, లాండ్రీ రూములోకే తెచ్చి ఇచ్చింది. పద్మిని చిన్న స్టూలు మీద, బుట్ట పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టింది. లూసీ వంటింట్లోకి వెళ్ళింది.

కాసేపటికి లోపల్నుంచి గొంతు తగ్గించిన పిలుపు వినిపించింది. "లూసీ. ఇటు రా. చప్పుడు చెయ్యకు."

ఆవిడ 'గారు' లేకుండా పిలవడం అదే మొదటిసారి. లూసీ చెప్పులు విడిచి వెళ్ళి గుమ్మంలో నిలబడింది. పద్మిని పళ్ళెం బుట్ట అంచుకి ఆనించి పట్టుకుని కదలకుండా ఉంది. బంగారి మెడ చాపి, ఒక దానిమ్మగింజని ముక్కుతో పట్టుకుని, తల విదిలించి మింగింది. ఇంకోటి తీసుకుంది. తర్వాత గింజలతోపాటు పెరుగన్నం కూడా పొడిచింది. ముక్కు నిండా తెల్లగా పెరుగు అంటుకుంది.

దైవాశీర్వాదం కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. ముగ్గురూ అది చాలనుకుని ఆగేదాకా అలాగే చూస్తూ ఉండిపోయారు.

"ఈ పళ్ళెం ఇక దానిదే," అంది పద్మిని. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. "ఏమిటో, నాకు ఇది ఇంత సంతోషంగా ఉందేంటి. ఎంతమంది పిల్లలు ఆపరేషన్ తర్వాత మొదటిసారి పాలు తాగితే చూశాను."

"ఆ పిల్లల్ని వాళ్ళ అమ్మానాన్నలు ఇంటికి తీసుకెళ్ళిపోతారు కదండీ," అంది లూసీ. "మనకి తర్వాత సంగతి తెలీదు."

లూసీ ఇంకో పళ్ళెంలో అన్నం పెట్టి, ఈసారి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోమంది. పద్మిని కూర్చుంది. నాలుగు ముద్దలు తిన్నాక, రామమోహన్ పోయినప్పటినుంచి తను స్టవ్ దగ్గర నిలబడే తింటున్నానని, కూర్చుంటే ఎదురుకుర్చీ కనిపిస్తుందని చెప్పింది. బాధపడుతూ చెప్పలేదు. ఎవరో అడిగితే ఒక రోగి వివరాలు చెప్పినట్టు చెప్పింది.

"రేపు కూడా ఇక్కడే తినండి. ఎలాగూ వస్తారుగా," అంది లూసీ.

మర్నాడు లూసీయే పద్మిని ఇంటికి వెళ్ళింది. కోకో పెరట్లో గొలుసుకి కట్టేసి ఉంది. లూసీని చూసి లేచి, తోక ఆడించి, మళ్ళీ ఏమనుకుందో తల కిందకి వాల్చేసింది. షెల్టర్ వాళ్ళు శుక్రవారం తీసుకురమ్మన్నారని పద్మిని చెప్పింది.

"తీసుకెళ్ళకండి," అంది లూసీ. "నాకు మొన్నటిదాకా కోపంగానే ఉంది. అబద్ధమెందుకు. కానీ ఇది లాబ్రడార్. పక్షులు కనబడితే నోట పట్టుకోవడానికే దీన్ని పుట్టించారు. మీరు కేకేస్తే వదిలేసింది కదా. తప్పు కంచెది."

"మళ్ళీ చేస్తే?"

"మళ్ళీ చెయ్యకుండా కంచె బాగుచేద్దాం. సగం కంచె మాది కూడానూ."

ఆ శనివారం దైవాశీర్వాదం కంచె పొడవునా మట్టి తవ్వించి, ఇనుప వల లోతుగా దించి, పైన రాళ్ళు పేర్చాడు. తవ్వింది ఇద్దరు కూలీలు. కొలతలు మాత్రం అతనివే. పద్మిని టేపు ఒక కొస పట్టుకుని నిలబడింది. ఇంత లోతు అవసరమా అని ఆవిడ అడిగితే, భూకంపమొచ్చినా కుక్క రాదని అతను హామీ ఇచ్చాడు. ఆ తర్వాత కూడా కోకోని బెల్టు లేకుండా పెరట్లోకి వదలకూడదని పద్మిని నియమం పెట్టుకుంది. దానికి బదులు రోజూ సాయంత్రం ఇద్దరాడవాళ్ళూ కలిసి దాన్ని లేక్ ఎలిజబెత్ చుట్టూ నడిపించుకురావడం మొదలైంది.

లాండ్రీ రూములో బంగారి కోలుకుంటోంది. మందుకి మొదట గింజుకునేది, తర్వాత ముక్కు తెరవడం నేర్చుకుంది. గాయం అడుగున ఎర్రటి కొత్త కండ పట్టి, అంచులు లోపలికి దగ్గరయ్యాయి. బట్టలు ఉతికేటప్పుడు మెషీన్ తిరిగే చప్పుడుకి అది కళ్ళు మూసుకుని గొణిగేది. దైవాశీర్వాదం ముందుగదిలో హార్మోనియం పెట్టుకుని క్వయర్ కోసం కీర్తనలు సాధన చేస్తుంటే, లోపల్నుంచి "క్రూ" అని దీర్ఘం తీసేది. అతనది మెచ్చుకోలనేవాడు. లూసీ కాదనేది. ఒకరోజు పద్మిని గుమ్మంలో నిలబడి విని, "ఇది మోహన రాగం కదూ," అంది. చిన్నప్పుడు గుంటూరులో సంగీతం నేర్చుకుందట. ఈ కీర్తన తమ తాతలనాటినుంచి చర్చిలో పాడుతున్నదేననీ, రాగం పేరు మాత్రం తనకి ఇప్పుడే తెలిసిందనీ అన్నాడు దైవాశీర్వాదం. ఆ రోజు గాయం కడగడం ఆలస్యమైంది.

సెప్టెంబరు వచ్చేసరికి పుండు పైన చెక్కు కట్టింది. బంగారి బుట్టలోంచి దూకి వంటింట్లోకి వస్తోంది. ఇక బయటికి పంపించవచ్చని లూసీకి అనిపించింది. పద్మిని ఇంకా కొన్నాళ్ళు ఆగమంది. కానీ లూసీ ఒక పొద్దున, ఎండ బాగుందని, దాన్ని ఎత్తుకెళ్ళి పెరట్లో మిగతా రెండింటి దగ్గర దింపింది.

అవి దాన్ని గుర్తుపట్టలేదు. లేదా గుర్తుపట్టినా ఒప్పుకోలేదు. ఎర్రమ్మ మెడమీద ఈకలు నిక్కబొడుచుకుని దూకింది. దాని వెనకే చుక్కమ్మ. బంగారి కంచె మూలకి పరిగెత్తి తల నేలకి ఆనించేసింది. ఎర్రమ్మ వీపెక్కి చెక్కుమీదే పొడిచింది. లూసీ పరిగెత్తి విడదీసేలోపే మళ్ళీ నెత్తురు వచ్చింది.

ఆమె దాన్ని ఎత్తుకుని నేరుగా పద్మిని ఇంటికి వెళ్ళింది. "మీరు చెప్పినా వినలేదు," అంది.

పద్మిని గాయం చూసింది. "పైపైనే. మూడు రోజుల పని వెనక్కి వెళ్ళింది, అంతే. ఇంతకన్నా పెద్ద పొరపాట్లే చేశాం మనం, నువ్వూ నేనూ, మన మన హాస్పిటల్స్‌లో. కూర్చో. కాఫీ పెడతాను."

ఫోరమ్‌లో వాళ్ళు చెప్పినదాన్నిబట్టి, కోళ్ళకి కొన్నాళ్ళు కనబడకపోయినది పరాయిదే. మళ్ళీ పరిచయం కావాలి. దైవాశీర్వాదం గూటి ఆవరణలో అడ్డంగా సన్నవల కట్టాడు. ఒక పక్క బంగారి, రెండో పక్క ఆ రెండూ. మేతా నీళ్ళూ వలకి ఆనించి రెండువైపులా పెట్టారు. తినాలంటే ఒకదాని మొహం ఒకటి చూసుకుని తినాల్సిందే. మొదట్లో ఎర్రమ్మ వలని పొడిచేది. తర్వాత ఆ పని విసుగనిపించింది కాబోలు, తన తిండి తను తినేది. చుక్కమ్మ అయితే మధ్యాహ్నం వేళ వలకి ఆనుకుని పడుకునేది, అవతలపక్క బంగారి ఉన్నచోటే.

పద్మిని రోజూ మడతకుర్చీ వేసుకుని ఆ పరిచయాన్ని చూసేది. ఒకనాడు కాఫీ కప్పుతో లూసీ పక్కన కూర్చుంటే, "మన వాళ్ళు ఈ ఊళ్ళో కొత్తగా వచ్చినవాళ్ళని పార్టీలకి పిలిచేటప్పుడు కూడా ఇలాగే చూస్తారు," అంది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు.

గాయం పూర్తిగా మానాక, వల తీసే రోజు వచ్చింది. పగలు కాకుండా పొద్దువాలాక, మిగతావి నిద్రకి కర్రమీదెక్కిన తర్వాత కలపమన్నారు. అసురసంధ్య వేళ లూసీ బంగారిని ఎత్తుకెళ్ళి, కర్రమీద చుక్కమ్మ పక్కన నిలబెట్టింది. చుక్కమ్మ కొంచెం కదిలింది. చోటిచ్చిందో, నిద్రలో జరిగిందో తెలీదు. ఎర్రమ్మ ఒక కన్ను తెరిచి మూసుకుంది.

తెల్లవారగానే లూసీ గూటి దగ్గరికి వెళ్ళేసరికి పద్మిని అప్పటికే అక్కడుంది, భుజాన శాలువా కప్పుకుని. తలుపు తీశారు. ఎర్రమ్మ దిగింది, చుక్కమ్మ దిగింది, బంగారి దిగింది. ఎర్రమ్మ బంగారి నెత్తిమీద ఒక్కటే పోటు పొడిచి, ఇక్కడ పెద్ద ఎవరో గుర్తుచేసి, మేత దగ్గరికి నడిచింది. బంగారి దాని వెనకే వెళ్ళి మూడో స్థానంలో నిలబడి తినడం మొదలుపెట్టింది. లూసీ కాసేపు ఆగి చూసింది. మళ్ళీ ఏమీ జరగలేదు.

"డిశ్చార్జ్," అంది పద్మిని.

అక్టోబరులో కోళ్ళన్నీ పాత ఈకలు రాల్చుకున్నాయి. బంగారికి వీపున కత్తిరించినచోట కూడా కొత్త ఈకలు వచ్చాయి. ఎడమరెక్క మాత్రం ఇదివరకటిలా పూర్తిగా ముడుచుకోదు, చివర కొంచెం వేలాడుతూ ఉంటుంది. దానివల్ల దానికేమీ ఇబ్బంది ఉన్నట్టు లేదు.

నవంబరులో థాంక్స్‌గివింగ్ పండక్కి విద్య సియాటిల్ నుంచి వచ్చింది. కొత్త అపార్ట్‌మెంట్‌లో కుక్కల్ని ఉంచుకోవచ్చని, కోకోని తీసుకెళ్తానని చెప్పింది. తల్లి వద్దంది. అది లేకపోతే సాయంత్రం నడకకి తనూ లూసీ బద్ధకిస్తారని కారణం చెప్పింది. ఆ రోజు భోజనం లూసీ ఇంట్లోనే. ఆ పండక్కి అందరూ వండే టర్కీ కోడికి బదులు ఆవపెట్టిన పనసకూర, గుత్తివంకాయ, పులిహోర అన్నీ వండారు. దైవాశీర్వాదం తనకోసం విడిగా రొయ్యలు వేయించుకున్నాడు.

భోజనానికి ముందు విద్య కోడిని చూస్తానంది. ముగ్గురాడవాళ్ళూ పెరట్లోకి వెళ్ళారు. పద్మిని వంగి, బంగారిని రెండు చేతులతో ఎత్తి చంకలో పెట్టుకుంది. వీపున ఈకలు విడదీసి, చీరుకున్నది ఎక్కడినుంచి ఎక్కడిదాకానో, పన్ను ఎంత లోతు దిగిందో, ఎందుకు కుట్టలేదో వివరంగా చెప్పడం మొదలుపెట్టింది. విద్య ఆ మచ్చ కేసి చూడలేదు. తల్లి కేసి చూస్తోంది.

"అమ్మా, నువ్వు ఎగ్ కూడా టచ్ చెయ్యవు కదా. నువ్వు చికెన్‌ని ఎత్తుకున్నావా?"

"ఇది చికెన్ కాదు, బంగారి. ఇదిగో, నువ్వు పట్టుకో. కింద చెయ్యి పెట్టు. కాళ్ళు వేలాడనివ్వకు. అలా కాదు, ఒంటికి ఆనించు, అప్పుడు దానికి భయం ఉండదు."

విద్య భయపడుతూనే చేతులు చాపింది. బంగారి బరువు ఆ చేతుల్లోకి మారింది. ఒకసారి రెక్కలు విదిలించి సర్దుకుని, తర్వాత ఊరుకుంది.

"వెచ్చగా ఉంది, ఆంటీ," అంది విద్య లూసీతో.

లోపల్నుంచి దైవాశీర్వాదం రొయ్యలు చల్లారిపోతున్నాయని కేకేశాడు. అవి ఆయనొక్కడివే కదా, తినమను అని పద్మిని అంది గాని, లూసీ నవ్వుతూ గూటి తలుపు తీసి పట్టుకుంది. విద్య ఇంకొక్క నిమిషం ఆగమంది.